జలాశయంలో దిగే ముందు: ఏ చోటు, ఏ రోజు, ఏ వినోదం

నీళ్లు తేటగా ఉంటే మంచివని, బురదగా ఉంటే చెడ్డవని తీర్పు చెప్పడం మన కళ్లకు అలవాటు. జలాశయం దగ్గర ఈ తీర్పు రెండు విధాలా తప్పుతుంది. జబ్బు చేసే సూక్ష్మజీవులు కంటికి కనిపించవు కనుక తేటనీరు శుభ్రమైనదని చెప్పలేము. అడుగు కనిపించేంత తేటనీరు లోతు తక్కువన్న భ్రమ కలిగిస్తుంది కనుక క్షేమమని కూడా చెప్పలేము. అందుచేత జలాశయానికి విహారానికి వెళ్లేవారు రెండు ప్రశ్నలను విడివిడిగా వేసుకోవాలి. ఈ నీరు నోట్లోకో, ముక్కులోకో, గాయంలోకో వెళితే జబ్బు చేస్తుందా అనేది ఒకటి. ఇక్కడ కాలు జారితే నేను బయటికి రాగలనా అనేది మరొకటి.

చాలామంది మొదటిదాని గురించి ఎంతో ఆరా తీసి, రెండవదాన్ని ఈత వచ్చు కదా అన్న ధీమాతో వదిలేస్తారు. ప్రాణాలు ఎక్కువగా పోయేది మాత్రం రెండవదాని వల్లనే. 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీట మునిగి మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. కలుషితమైన నీటిలో ఈదడం వల్ల వచ్చే జబ్బులలో అధికభాగం కొన్ని రోజుల్లో తగ్గిపోయే విరేచనాలు, చెవిపోటు, చర్మపు దద్దుర్లు. ప్రాణాంతకమైనవి ఉన్నాయి కాని అరుదు. అందువల్ల ముందు చోటును, తరువాత రోజును, చివరగా వినోదాన్ని ఎంచుకోవాలని నేను గట్టిగా చెబుతాను. సాధారణంగా జరిగేది దీనికి తలకిందులు: పడవ షికారో, ఈతో ముందే ఖాయమవుతుంది, చోటు ఎక్కడ కారు ఆగితే అక్కడ, రోజు ఎప్పుడు సెలవు దొరికితే అప్పుడు.

ఏ చోటు

నదికి అడ్డంగా ఆనకట్ట కట్టి నీటిని నిలిపినప్పుడు ఒకే జలాశయంలో నాలుగు రకాల చోట్లు ఏర్పడతాయి: నది కలిసే ఎగువ కొస, పక్క పాయలు, ఆనకట్ట దగ్గరి నీరు, విశాలమైన నీటి ఒడ్డు. నది వచ్చి కలిసే ఎగువ కొసలో నీరు ఇంకా పారుతూ ఉంటుంది, ఒండ్రుతో మసకగా ఉంటుంది. పరివాహక ప్రాంతంలోని పొలాల ఎరువు, పశువుల పేడ, ఊళ్ల మురుగు ముందుగా చేరేది అక్కడికే. వాగు మోసుకొచ్చిన పూడిక అక్కడే దిగుతుంది కనుక నేల మెత్తగా ఉండి, మోకాలి లోతులో నిలబడినవాడు రెండు అడుగులు వేసేసరికి తొడల దాకా కూరుకుపోవచ్చు. పక్షులను చూడడానికి ఇంతకన్నా మంచి చోటు ఉండదేమో గాని, నీటి నాణ్యత చూస్తే మాత్రం నాలుగు చోట్లలో దీనికి చివరి స్థానం ఇవ్వాలి.

పక్కలకు చీలిన పాయలలో, కొండల మధ్యకు చొచ్చుకుపోయిన మూలలలో నీరు కదలదు. అలలుండవు, గాలి తగలదు, పిల్లలతో వెళ్లినవారికి ఇదే నచ్చుతుంది. నిలకడగా, వెచ్చగా, లోతు తక్కువగా ఉండే ఆ నీటినే నాచు, నీలి ఆకుపచ్చ నాచుగా పిలిచే సైనోబ్యాక్టీరియా, నత్తలు కూడా కోరుకుంటాయి. ఘనాలో 1965లో పూర్తయిన అకోసొంబో ఆనకట్ట వెనుక వోల్టా జలాశయం నిండిన తరువాత, ఒడ్డునున్న కలుపు మొక్కలలో నత్తలు పెరిగి, వాటి ద్వారా వ్యాపించే షిస్టోసోమియాసిస్ అనే పరాన్నజీవి వ్యాధి ఒడ్డు గ్రామాల పిల్లలలో విపరీతంగా పెరిగింది. ఆ వ్యాధి ఉన్న ప్రాంతాలలో నీరు తాగకపోయినా, కేవలం నిలబడినా, పరాన్నజీవి చర్మం గుండా లోపలికి వెళుతుంది. ఆ వ్యాధి లేని ప్రాంతాలలో కూడా మూల పాయలను వేసవి మధ్యలో అనుమానంతోనే చూడాలి.

ఆనకట్ట దగ్గరి నీరు సాధారణంగా అన్నింటికన్నా తేటగా ఉంటుంది, ఎందుకంటే అక్కడికి చేరేలోగా మట్టి, దానితోపాటు కొంత బ్యాక్టీరియా అడుగుకు దిగిపోతాయి. నాణ్యత ఒక్కటే చూస్తే ఇదే మొదటి స్థానంలో నిలుస్తుంది. అయినా అక్కడ దిగకూడదు. జలాశయంలో అత్యధిక లోతు ఉండేది అక్కడే. నీటిని బయటికి తీసే తూములు, విద్యుత్కేంద్రాల గొట్టాలు నీటి అడుగున ఉంటాయి, వాటి లాగుడు పైకి ఏ సుడిగానూ కనిపించకపోవచ్చు. రాతి కట్టడమో, కాంక్రీటు వాలో నాచు పట్టి ఉంటుంది, పట్టు దొరకదు, పడినవాడు పైకి ఎక్కలేడు. ఇక ఆనకట్టకు దిగువన, అలుగు మీదుగా నీరు దూకే చోట, చూడడానికి ఆహ్లాదంగా ఉన్నా, దూకిన నీరు కిందికి వెళ్లి మళ్లీ వెనక్కి తిరిగి గోడ వైపే లాగుతుంది. నురగ నిండిన ఆ నీటికి మనిషిని తేల్చే శక్తి తక్కువ. లైఫ్ జాకెట్ వేసుకున్న మంచి ఈతగాడు కూడా ఆ తిరుగుడులో చిక్కి బయటపడలేకపోవచ్చు. గేట్లు ఎత్తినప్పుడు దిగువ నది నిమిషాలలో పెరుగుతుంది. సైరన్ మోగిందంటే సామాన్లు సర్దుకునే సమయం ఉండదు, పైకి నడవడమే.

మిగిలింది, ఆనకట్టకు దూరంగా, వాగుల మూతులకు దూరంగా, విశాలమైన నీటికి ఎదురుగా ఉన్న ఏటవాలు ఒడ్డు. నేల గట్టిగా, ఇసుకగానో గులకరాళ్లగానో ఉండి, లోతు కొంచెం కొంచెంగా పెరిగే చోటు, తాళ్లతో గిరిగీసి, మునిగేవారిని కాపాడే కాపలాదారుడు ఉండే చోటు దొరికితే మరో ఆలోచన అక్కరలేదు. నా మాటగా చెప్పాలంటే, కాపలాదారుడున్న మామూలు నీటిని, కాపలా లేని తేటనీటి కన్నా ముందు ఎంచుకుంటాను.

జలాశయానికే ప్రత్యేకమైన ఒక సంగతి ఉంది. సహజమైన సరస్సులో ఒడ్డు సాధారణంగా అంతగా మారదు, జలాశయంలో నీటిమట్టం సాగుకో, తాగునీటికో, విద్యుత్తుకో వాడుతున్న కొద్దీ మీటర్ల కొద్దీ దిగుతుంది, వర్షాలతో మళ్లీ ఎక్కుతుంది. పోయినసారి నడుము లోతున్న చోట ఈసారి మునిగిపోయేంత లోతు ఉండవచ్చు. పోయినసారి దూకిన బండ కింద ఈసారి మూరెడు నీళ్లే ఉండవచ్చు. ముంపులో పోయిన చెట్ల మొదళ్లు, కంచెల తీగలు, ఇళ్ల గోడలు ఎక్కడో ఒకచోట నీటి కిందే ఉంటాయి. తలకిందులుగా దూకడం ఏ చోటైనా వద్దనడానికి ఈ ఒక్క కారణం చాలు. మెడ ఎముక విరిగితే జీవితాంతం మంచానికే పరిమితం కావలసి రావచ్చు.

ఎండాకాలంలో లోతైన జలాశయంలో పై నీరు వెచ్చగా, కింది నీరు చల్లగా పొరలు పొరలుగా ఉంటుంది. ఒడ్డున కాలు పెట్టి చూసినవాడికి ఈ సంగతి తెలియదు, పది బారలు ఈది కాళ్లు కిందికి దించినప్పుడు తెలుస్తుంది. పదిహేను డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లని నీటిలో హఠాత్తుగా పడితే మొదటి నిమిషంలోనే ఊపిరి అదుపు తప్పి ఎగశ్వాస వస్తుంది, ఆ సమయంలో నోరు నీటి కింద ఉంటే మునగడానికి అదే చాలు. అలా పడినవారు ఈదబోకుండా, వెల్లకిలా తేలి ఊపిరి కుదుటపడే దాకా ఆగాలి.

ఏ రోజు

మంచి చోటు కూడా అన్ని రోజులూ మంచిది కాదు. పెద్దవాన తరువాత కనీసం రెండు రోజులు, వీలైతే మూడు రోజులు ఆగాలన్నది ఎక్కువమంది నిపుణులు చెప్పే మాట. వాన కడిగిన మలినమంతా ఆ గంటలలోనే జలాశయానికి చేరుతుంది, తరువాత ఎండ, ఒండ్రు దిగడం, నీరు పలచబడడం కలిసి దాన్ని తగ్గిస్తాయి. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో, వాగుకు అడ్డంగా ఆనకట్ట కట్టి ఏర్పరచిన స్ప్రింగ్‌ఫీల్డ్ జలాశయంలో 1998 జూన్‌లో భారీ వర్షాల తరువాత ట్రయథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు కలిసిన పోటీ) జరిగింది. తరువాత వివరాలు సేకరించిన 834 మంది క్రీడాకారులలో 98 మంది జబ్బుపడినట్టు చెప్పారు. కారణం లెప్టోస్పైరోసిస్, అంటే ఎలుకలు, పశువుల వంటి జంతువుల మూత్రం ద్వారా నీటిలో చేరే బ్యాక్టీరియా జ్వరం. ఈదుతూ ఒక గుక్కయినా నీరు మింగినవారికి ముప్పు ఎక్కువని ఆ పరిశోధనలో తేలింది. వారందరూ దేహదారుఢ్యం ఉన్నవారే.

పరీక్షల ఫలితాలు ప్రకటించే జలాశయాన్ని, ప్రకటించనిదాని కన్నా ముందు ఎంచుకోవాలి. మంచినీటిలో ముఖ్యంగా చూసేది ఈ.కోలి అనే బ్యాక్టీరియాను. అది ఉందంటే మలం కలిసిందని అర్థం. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2012లో చేసిన సిఫారసు ప్రకారం నూరు మిల్లీలీటర్ల నీటిలో ఈ.కోలి గుణమధ్యమం (ఒక రకం సగటు) 126కు మించకూడదు. ఐరోపా సమాఖ్య 2006 నాటి స్నానజలాల ఆదేశంలో లోతట్టు నీళ్లకు శ్రేష్ఠమైన తరగతి హద్దు 500, కాని దాన్ని వందలో తొంభై ఐదు నమూనాలు దాటకూడని హద్దుగా లెక్కిస్తారు. ఒకటి సగటు లాంటి అంకె, రెండవది గరిష్ఠం లాంటి అంకె. వీటిని పక్కపక్కన పెట్టి, ఒక ప్రాంతపు నియమం సడలుగా ఉందని నిర్ణయించడం పొరపాటు.

ఆ అంకెలకు ఒక పెద్ద పరిమితి ఉంది. ఈ.కోలిని పెంచి లెక్కించే మామూలు పరీక్షకు 18 నుంచి 24 గంటలు పడుతుంది. అంటే ఫలితాలు రాసే బోర్డు మీద ఈ రోజు ఉన్నది నిన్నటి నీటి సంగతి. నిన్న రాత్రి వాన కురిస్తే ఆ బోర్డుకు విలువ లేదు, ఆకాశానికి, వాగు రంగుకు ఉంది. వారాల తరబడి వచ్చిన ఫలితాలు మంచివైతే ఆ చోటు స్వభావం మంచిదని మాత్రం నమ్మవచ్చు.

సైనోబ్యాక్టీరియా సంగతి ఇందుకు భిన్నం, దానిని కొంతవరకు మన కళ్లతోనే పట్టుకోవచ్చు. దాని కణాలలో గాలి తిత్తులుంటాయి, గాలి లేని తెల్లవారుజామున అవి పైకి తేలి, ఒలికిన పచ్చ రంగులాగా, బఠాణీ రసంలాగా నీటిపైన పరుచుకుంటాయి. తరువాత గాలి ఎటు వీస్తే అటువైపు ఒడ్డుకు చేరి గుట్టపడతాయి. అందుచేత ఒకే ఉదయం ఒక ఒడ్డు నిరపాయంగా, ఎదురు ఒడ్డు విషపూరితంగా ఉండవచ్చు. వెళ్లగానే గాలి ఎటు నుంచి వస్తోందో చూసి, గాలి బయలుదేరే వైపు ఒడ్డును ఎంచుకోండి.

అనుమానంగా ఉంటే ఒక పొడవాటి పుల్లను నీటిలో ముంచి నెమ్మదిగా పైకి లేపండి. పుల్లకు దారాలు దారాలుగా, తడిసిన జుట్టులాగా వేలాడితే అది బహుశా సాధారణమైన పచ్చ నాచు, దానితో చిరాకే తప్ప ప్రమాదం లేదు. రంగు డబ్బాలో ముంచి తీసినట్టు పుల్ల అంతా పచ్చగా పూతపడితే సైనోబ్యాక్టీరియా అని అనుమానించండి. ఇంకా తేల్చుకోవాలంటే చేతి తొడుగులు వేసుకుని గాజు సీసాలో ముప్పావు వంతు నీరు పట్టి, మూత బిగించి, ఫ్రిజ్‌లో కదపకుండా ఒక రాత్రి ఉంచండి. పచ్చదనం అడుగుకు దిగితే అది బహుశా మామూలు నాచు, పైన మీగడలాగా వలయం కడితే సైనోబ్యాక్టీరియా కావడానికే అవకాశం ఎక్కువ. ఈ పరీక్ష విషం ఎంతుందో చెప్పదు, జాగ్రత్తపడమని మాత్రం చెబుతుంది. విహార జలాలలో సైనోబ్యాక్టీరియా తయారుచేసే మైక్రోసిస్టిన్ అనే విషానికి అమెరికా 2019లో లీటరుకు 8 మైక్రోగ్రాములను, ప్రపంచ ఆరోగ్య సంస్థ 24ను హద్దుగా సూచించాయి. ఆ నీటిని మరిగించినా విషం పోదు. కుక్కను తీసుకెళ్లేవారు మరీ జాగ్రత్త, ఎందుకంటే అది ఒడ్డు మీది తెట్టును రుచి చూస్తుంది, బయటికొచ్చి తన బొచ్చును నాకుతుంది. పెంపుడు కుక్కలు ఇలా చనిపోయిన సంఘటనలు అనేక దేశాలలో జరిగాయి.

ఏ వినోదం

వినోదాలను ఎంచుకునే సూత్రం ఇది: నీటితో ఎంత తక్కువ సంబంధమో, నాణ్యత గురించిన ఆందోళన అంత తక్కువ. తల ముంచి ఈదడంలో నీరు మింగడం తప్పదు, పిల్లలు పెద్దల కన్నా ఎక్కువ మింగుతారు. ఒడ్డున కాళ్లు ముంచి ఆడడం తేలిక అనిపిస్తుంది కాని అడుగున ఉన్న బురదలో బ్యాక్టీరియా పైనున్న నీటిలో కన్నా ఎక్కువ కాలం బతుకుతుంది, పసిపిల్లలు కలియబెట్టేది ఆ బురదనే. చాలా వెచ్చగా నిలిచిన నీటిలో నెగ్లేరియా ఫౌలెరీ అనే అమీబా ఉండవచ్చు. అది మింగితే ఏమీ చేయదు, ముక్కులోకి నీరు దూసుకెళ్లినప్పుడు మాత్రమే మెదడును చేరుతుంది. చాలా అరుదు, కాని సోకినవారిలో దాదాపు అందరూ మరణిస్తారు. వేడి ముమ్మరంగా ఉన్న రోజులలో ముక్కుకు క్లిప్పు పెట్టుకోవడం, తల పైకి ఉంచి ఈదడం, అడుగు బురద రేపకపోవడం అనే మూడింటితో ఈ ముప్పు చాలావరకు తగ్గుతుంది.

పడవలో నీరు మింగే అవకాశం తక్కువ, మునిగే ప్రమాదం ఎక్కువ. పొడవైన జలాశయాల మీద గాలికి అడ్డు ఉండదు కనుక ఉదయం అద్దంలా ఉన్న నీరు మధ్యాహ్నానికి తెల్లని అలల తలలతో నిండవచ్చు. ఆ తలలు కనిపించడం మొదలైతే కయాక్‌లు, చిన్న తెడ్డు పడవలు ఒడ్డు చేరాలి. గాలి నింపిన ట్యూబులు, బొమ్మ పరుపులను నేను వినోద సాధనాలలో లెక్కించను. గాలి వాటిని ఒడ్డు నుంచి లాక్కుపోయే వేగాన్ని మంచి ఈతగాడు కూడా అందుకోలేడు.

లైఫ్ జాకెట్ల మధ్య ఎంపిక మీద కొంచెం ఆగాలి, ఎందుకంటే అద్దె పడవల దగ్గర అన్నింటినీ ఒకే పేరుతో ఇస్తారు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 12402 ప్రకారం వాటి తేలుడు శక్తిని న్యూటన్లలో (బలాన్ని కొలిచే ప్రమాణం) కొలుస్తారు. 50 న్యూటన్లది ఈత వచ్చినవారికి, సాయం చేరువలో ఉన్నప్పుడు మాత్రమే. అది స్పృహ తప్పినవారి ముఖాన్ని పైకి తిప్పదు. 100 న్యూటన్లది అలలు పెద్దగా లేని నీటికి, ఈత రానివారికి కూడా పనికొస్తుంది, జలాశయానికి సాధారణంగా ఇదే సరిపోతుంది. 150 న్యూటన్లది సముద్రానికి, అల్లకల్లోలమైన వాతావరణానికి. మీట లాగితే గాలి నిండే రకం తేలికగా ఉంటుంది కాని పిల్లలకు, ఈత రానివారికి అది వద్దు, నురుగు నింపిన రకమే ఇవ్వాలి. వేసిన తరువాత భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవుల దాకా లేస్తే అది ఆ మనిషికి పెద్దది. పిల్లల జాకెట్‌కు కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ లేకపోతే, నీటిలో పడినప్పుడు జాకెట్ తేలుతుంది, బిడ్డ కిందికి జారుతుంది. అమెరికా తీరరక్షక దళం ఏటా ఇచ్చే లెక్కలలో, పడవ ప్రమాదాలలో మునిగి చనిపోయినవారిలో ప్రతి ఐదుగురిలో నలుగురికి పైగా జాకెట్ వేసుకోనివారే.

గాలం వేసి చేపలు పట్టడం నాణ్యత దృష్ట్యా అన్నింటికన్నా నిశ్చింతైనది, పట్టినదాన్ని తినకపోతే. కొత్తగా నిండిన జలాశయంలో మునిగిన చెట్టూచేమా కుళ్లుతున్నప్పుడు బ్యాక్టీరియా పాదరసాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తుంది, అది చిన్న చేపల నుంచి పెద్ద వేటచేపలకు చేరి పోగవుతుంది. ఈ స్థాయి తగ్గడానికి పది నుంచి ముప్పై ఏళ్లు పట్టవచ్చు. గర్భిణులు, చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో కొత్త జలాశయపు పెద్ద చేపల కన్నా పాత జలాశయపు చిన్న చేపలు మేలు. నాచు తెట్టు కట్టిన రోజు పట్టినదాన్ని పేగులు, కాలేయం తీసేసి శుభ్రంగా కడగాలి, తెట్టు చిక్కగా ఉంటే తినకుండా వదిలేయాలి.

ఎవరికి ఏది తగినదో చెప్పమంటే ఇలా చెబుతాను. ఐదేళ్లలోపు పిల్లలున్న కుటుంబం, వాన పడని వారంలో, కాపలా ఉన్న గట్టి ఇసుక ఒడ్డున, చేయి చాచితే బిడ్డ అందేంత దూరంలో పెద్దవారు నిలబడి, చీలమండ లోతులో ఆడించడంతో ఆపాలి. ఒంటి మీద మానని గాయం ఉన్నవారు, కీమోథెరపీలో ఉన్నవారు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారు ఒడ్డు నుంచి చూడడమో, ఎత్తయిన పడవలో వెళ్లడమో ఎంచుకోవాలి. విరేచనాలతో ఉన్నవారు ఇతరుల కోసం నీళ్లలో దిగకూడదు. విరేచనాలు కలిగించే క్రిప్టోస్పోరీడియం అనే పరాన్నజీవి సోకినవారు తగ్గిన తరువాత కూడా రెండు వారాలు ఆగాలి. దూరం ఈదేవారు ఒడ్డుకు సమాంతరంగా ఈదాలి, నడుముకు కట్టే బెలూన్ వంటి తేలుడు సంచి ముదురు నారింజ రంగులో ఉంటే పడవవారికి కనిపిస్తారు, ఒంటరిగా ఎప్పుడూ వద్దు. ఎవరైనా మునుగుతుంటే వెంట దూకకుండా తాడో, కర్రో, ఖాళీ ప్లాస్టిక్ డబ్బానో విసరాలి, కాపాడబోయి మునిగినవారి కథలు ప్రతి జలాశయానికీ ఉన్నాయి.

ఇంటికి తిరిగి వచ్చాక సబ్బుతో స్నానం చేసి, చెవులు తుడుచుకుని, తడి బట్టలు ఆరేయండి. ఆ తరువాతి నాలుగు వారాలలో జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడడం కనిపించినా, పన్నెండు రోజులలోపు తలపోటుతో మెడ బిగుసుకున్నా, వైద్యుడికి చెప్పవలసిన మొదటి మాట జలాశయంలో దిగానని, ఏ తేదీన, ఎక్కడ దిగానో. ఆ ఒక్క వివరం చెప్పకపోతే లెప్టోస్పైరోసిస్‌ను మామూలు వైరల్ జ్వరమని పొరబడి ఆలస్యం చేసే అవకాశం ఉంది, ఆలస్యమైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి.